వంక తీసుకుపోని బండ

నేను రాసిన కథ ఒకటి డిగ్రీ పిల్లల పాఠ్యపుస్తకంలో ఉంది. అందులో మా ఊరి వంక పొంగుతుంది. కాలనీ వాళ్ళ సమాధుల తోటలో రాళ్ళన్నీ కొట్టుకుపోతాయి. మరునాడు ఒక ముసలాయన తన భార్యను పూడ్చిన చోటికి పోయి, బురదలో మోకరించి, పిడికెడు మన్ను తీసి ఆనవాలుగా అక్కడే కుప్ప పోసి, "ఇచ్చినోడే తీసుకున్నాడు" అని నవ్వుతాడు. ఆ నవ్వును మెచ్చుకుంటూ వ్యాసాలు వచ్చాయి. ఆ నవ్వులోని విశ్వాసాన్ని వివరించమని పరీక్షల్లో అడుగుతారు. కర్నూలు కాలేజీలో నేనే ఎన్నోసార్లు ఆ పాఠం చెప్పాను. గొంతు పూడుకుపోయినట్టు ఎక్కడ ఆగాలో కూడా నాకు అలవాటైపోయింది.

వంక పొంగిన మాట నిజం. మోకాటి లోతు వచ్చి తెల్లారేసరికి తగ్గిపోయింది. రాళ్ళను అది తీసుకుపోలేదు. మేం తీసుకుపోయాం. ట్రాక్టరు తోలింది నేను. ఆ మనిషి నవ్వలేదు. అప్పటికి ముసలివాడు కూడా కాడు.

మా ఊరు బనగానపల్లెకు దగ్గర. రెండడుగులు తవ్వితే నాపరాయి తగులుతుంది. ఇంటి గోడకు, కప్పుకు, చేని చుట్టూ కంచెకు, నీళ్ళ బాన మీద మూతకు, చచ్చిపోయినవాళ్ళ తలాపునకు, అన్నిటికీ ఆ బండలే. వంక గట్టున కాలనీ వాళ్ళ సమాధుల తోట ఉండేది. దాన్ని ఆనుకుని మా మామిడి తోట. మధ్యలో గట్టు తప్ప ఇంకేమీ లేదు. మా నాయనకు ఆ గట్టు చాలా ఏళ్ళుగా కంట్లో నలుసు. వంక పొంగిన మరునాడు ఆయన పొద్దున్నే పంచె ఎగగట్టుకుని పోయి చూసి వచ్చాడు. కొన్ని రాళ్ళు ఒరిగి ఉన్నాయంట. "వంకే సగం పని చేసిపెట్టింది, మిగిలింది మనం చేద్దాం" అన్నాడు.

నేను అప్పుడు ఎం.ఏ. చదువుతున్నాను. సెలవలకు వచ్చాను. గడ్డపారలతో పెకలిస్తే కొన్ని రాళ్ళు వేళ్ళతో సహా ఊడే పన్ను మాదిరి వచ్చాయి. కొన్ని నేల మట్టానికి విరిగిపోయి, కింది ముక్క మట్టిలోనే నిలిచిపోయింది. చాలావరకు ముతక బండలే, రాతలు లేనివి. చక్కగా నునుపు చేసి చెక్కిన బండ ఒక్కటే. దాని మీద ఒక సిలువ, ఒక ఆడమనిషి పేరు, కింద గ్రంథంలోని రెండు పంక్తులు. అది విరిగినప్పుడు వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. రాయి విరిగినట్టు లేదు. ఎవరో నాలుకతో 'ట్చ్' అన్నట్టుంది.

ఆ బండ మా జీతగాడి భార్యది. ఆమె మా చేలోనే పాము కరిచి పోయింది. బిడ్డ అప్పటికి ఇంకా చంకనుండేది. ఆ బండను ఆయనే రాళ్ళ గనిలో ఏరుకుని, చెక్కేవాడి దగ్గర కూర్చుని, అక్షరం అక్షరం చెప్పి చెక్కించుకున్నాడు. కాలనీ గుడిలో చదువు నేర్చుకున్న మనిషి. ఆదివారం అక్కడ వాక్యం చదివేది ఆయనే.

ఆ సాయంత్రం ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. ట్రాలీ ఖాళీ చేసి కడుగుతున్నాను. నా చొక్కా నిండా తెల్లటి రాతిపొడి.

"రాళ్ళు యాడేసినారు చిన్నరెడ్డీ?"

"వంక తీసకపోయిందిలే."

ఆయన వంక వైపు చూశాడు. తర్వాత మా ఇంటి వైపు చూశాడు. మా ఇల్లు మిట్ట మీద ఉంటుంది.

"వంక పైకి పారిందా చిన్నరెడ్డీ?" అన్నాడు.

అంతే. మరుసటి రోజు నుంచి మాకు జీతానికి రాలేదు. రాళ్ళ గనికి పోయాడు.

ముతక బండలను గొడ్లు కట్టేసే గాడిపాడి కాలువ మీద పరిచాం. చెక్కిన బండ అంత నునుపుది పారేయడానికి నాయనకు మనసొప్పలేదు. అప్పుడే మా వసారాలో మెట్ల దగ్గర బండ ఒకటి పగిలి ఉంది. ఆ చోటుకు దీన్ని తిరగేసి, రాత కిందికి పెట్టి, కింద మెత్తటి మట్టి పోసి పరిపించాడు. కాలనీ వాళ్ళకు గుట్ట కింద వేరే చోటు చూపించాడు. మా చేలల్లో కూలి చేసుకునేవాళ్ళు, ఎవరూ ఏమీ అనలేదు. గట్టు పోయింది. ఆ నేలలో మామిడి మొక్కలు లేచాయి.

జీతం మానేసిన మనిషి మా ఇంటికి రావడం మాత్రం మానలేదు. రోజూ పొద్దు వాలే వేళకు గని నుంచి నేరుగా వచ్చి, వసారా మెట్ల కింద గొంతుక్కూర్చునేవాడు. "జేజమ్మా, నీళ్ళు" అనేవాడు. నాయన తల్లి, మా జేజి, పైనుంచి చెంబుతో పోసేది. కింద ఆయన దోసిలి పట్టి తాగేవాడు. కాలనీ వాళ్ళకు మా ఇంట్లో గ్లాసు ఇచ్చే ఆచారం లేదు. తాగగా దోసిట్లో మిగిలిన నీళ్ళు విదిలించేవాడు. అవి ఎప్పుడూ ఆ మెట్ల దగ్గరి బండ మీదనే పడేవి.

"ఇంట్లోకి నీళ్ళు చల్లుతాండావేందిరా! నీకేం ముసలితనం ముందే వచ్చెనా?" అని జేజి కసిరేది.

"చెయ్యి జారిందమ్మా."

"దినామూ అదే జారుడా?"

"దినామూ అదే చెయ్యి గదమ్మా."

తర్వాత ఇద్దరికీ కథల పోటీ. జేజికి పురాణాలన్నీ నోటికి వచ్చు. ఆయనకు గ్రంథం నోటికి వచ్చు. పుస్తకం మాత్రం ఎప్పుడూ తెచ్చేవాడు కాదు. ఎందుకురా అని జేజి ఒకసారి అడిగితే, "తెస్తే ఈడ కింద పెట్టాల్సొస్తాదమ్మా. అది నేల మీద పెట్టే పుస్తకం గాదు" అన్నాడు.

నేను లోపల దీపం ముందు పరీక్షలకు చదువుకుంటూ వినేవాణ్ణి. సత్యం కోసం భార్యను అమ్ముకుని కాడు కాచిన రాజు కథ చెప్పి జేజి కళ్ళు ఒత్తుకునేది.

"చూడరా, అంతటి రాజు మీ మాదిరే కాటికాడ కాపలా ఉన్న్యాడు."

"ఉన్న్యాడమ్మా. రాజు కాడు కాస్తే కత అయితాది. మా తాతలు కాసినారు, కత కాలేదు."

"నీ నోరు పడ!" అని జేజి పగలబడి నవ్వేది.

జేజికి ఆయన చెప్పే వాటిలో బూడిదలో కూర్చున్న మనిషి కథ మీద ప్రాణం. గొడ్డూగోదా, బిడ్డలు, ఒంటి మీది చర్మం, అన్నీ పోయినా దేవుణ్ణి నిలదీసి అడిగిన మనిషి. ఆఖరికి దేవుడు అన్నీ రెండింతలు ఇచ్చాడని ఆయన ముగించేవాడు.

"బిడ్డల్ని గూడా ఇచ్చినాడా?"

"ఇచ్చినాడమ్మా."

"ఆ పోయిన బిడ్డల్నేనా?"

"కాదు. కొత్తోళ్ళని."

మా నాయన తర్వాత పుట్టిన ఇద్దరిని జేజి చేతులారా మట్టిలో పెట్టింది. "కొత్తోళ్ళెవురికి కావాల? ఆయప్ప పాతోళ్ళ మాట అడగలేదా?" అంది.

"పుస్తకంలో లేదమ్మా."

"నువ్వయితే?"

"నేనయితే అడుగుతానే ఉంటా" అన్నాడు. అని, దోసిట్లో నీళ్ళు విదిలించి లేచాడు.

ఆ రోజు నీళ్ళు బండంతా తడిసేలా పడ్డాయి. నేను బయటికి వచ్చేసరికి బండ ఆరుతోంది. నాపరాయి మామూలుగా అంచుల నుంచి నడుమకు ఆరుతుంది. ఇది అట్లా ఆరలేదు. మధ్యలో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత నల్లగా తడిగా మిగిలాయి. వాటి కింద, అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా తిరగబడిన కొన్ని వంపులు. మెల్లగా సన్నబడుతూ, అన్నిటికంటే చివర ఆ అడ్డగీత పోయింది. సిలువను తిరగేసినా సిలువే.

చెక్కిన గుంతల్లో చేరిన మట్టి తేమ పట్టుకుని, పైకి అట్లా కనిపిస్తుందని తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బండ మందం తలుచుకుంటే అది కూడా నమ్మబుద్ధి కాదు. నాయన కూడా చూశాడు. గోనెపట్ట తెచ్చి కప్పాడు. జేజి తీసి పారేసింది. సిమెంటు పాలు పూయించాడు. తొలకరి జల్లుకే గీతలు మళ్ళీ తేలాయి. దాన్ని గురించి మేం ఒకరితో ఒకరం ఒక్క మాట అనుకోలేదు. చదువు రాని జేజికి ఏం అర్థమైందో నాకు తెలియదు. ఆమె మాత్రం పోయేదాకా ఆ బండ మీద కాలు పెట్టలేదు. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, పడుకున్న మనిషిని దాటుతున్నట్టు పక్కకు జరిగి దాటేది.

తోట కాపుకు వచ్చింది. కాలనీ ఆడవాళ్ళే కాయలు కోసేవాళ్ళు. వేరే తోటల్లో కోసేటప్పుడు ఒకటో రెండో కొరికి తింటారు, కొంగున కట్టుకుంటారు. ఆ కొత్త తోటలో ఒక్కరూ నోట పెట్టేవాళ్ళు కాదు. కాయ మాత్రం తియ్యగా ఉండేది. పెద్ద పెద్ద వాళ్ళ ఇళ్ళకు నాయన ఆ తోట కాయలే బుట్టల్లో పంపేవాడు. నేనూ తిన్నాను. తియ్యగా ఉందని అన్నాను కూడా.

కర్నూల్లో ఉద్యోగంలో చేరాక ఆ కథ రాశాను. 'వంక పైకి పారిందా' అన్న మాట రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. అది రాస్తే మా ఇల్లు రాయాలి, ట్రాక్టరు రాయాలి, మెట్ల మీద నిలబడి ఉన్న నన్ను రాయాలి. ఆయన చేత నవ్విస్తే ఇవేవీ అక్కరలేదు. బాధపడినవాడు నవ్వితే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. నాకూ హాయిగా ఉండింది. మన్ను కుప్ప పోసే ముచ్చట అప్పుడే తోచింది. బాగుంటుందని పెట్టాను.

జేజి, నాయన పోయారు. ఆ మనిషికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని విన్నాను. చూడ్డానికి పోలేదు. మా ఇల్లు, తోట కలిపి బనగానపల్లె సాయిబు ఒకాయన గుత్తకు తీసుకున్నాడు. ఇప్పుడు మా ఇంట్లో మనుషులు లేరు. గదులన్నిటా వరిగడ్డి పరిచి మామిడికాయలు మాగబెడతారు. ఏటా లెక్కలు చెప్పడానికి వచ్చినప్పుడు ఆయన నవ్వుతూ అనేవాడు: "అంతా బాగుండాది సార్. మెట్లకాడ బండ ఒకటే జిద్దుది, మొండిది. దాని మీద పోసిన కాయ మాగదు. చుట్టూ పచ్చగా పండిపోతాయి, నడుమ మాత్రం ఆకుపచ్చగా అట్లే ఉంటాయి. మా కూలోళ్ళు దాని మీద పోసేది మానుకున్న్యారు."

మొన్న ఎండాకాలం ఒక పొద్దున ఫోను వచ్చింది. ఆడగొంతు.

"సార్, నేను మీ జీతగాని బిడ్డను. బద్వేల్లో నర్సుగా చేస్తాండా. మా నాయన రాత్రి పోయినాడు."

ఏం అనాలో అది అన్నాను.

"మా అమ్మ పక్కన పెట్టాలని ఎప్పుడూ అనేవాడు సార్. మాట పోయినంక గూడా చేత్తో చూపించేవాడు. కాళ్ళు బాగున్నప్పుడు ఒకసారి మీ కంచె కాడికి తీసకపోయి ఆ మూల అని చూపించినాడు. మూల తెలుసు, చోటు తెలీదు. చూసిన పెద్దోళ్ళు ఒక్కరూ మిగల్లేదు. మీ కత మాకు డిగ్రీలో పాఠం సార్. క్లాసులో నేను ఏడిస్తే అందరూ మీ నాయన కతనా అని అడిగినారు. అందులో ఆయన మన్ను కుప్ప పోసిన చోటు ఉండాది గదా. మీరు చూసే ఉంటారు. వచ్చి చూపిస్తారా? ఈ ఎండకు రేపటి దాకా పెట్టుకోలేము."

వస్తానన్నాను. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. మూల ఆమెకే తెలుసు. ఆ మూలలో ఏదో ఒక చోటు చూపిస్తే చాలు. మట్టి మట్టే. ఆమెకు తృప్తి, ఆయనకు నేల, నాకు నా కథ.

మిట్టమధ్యాహ్నానికి చేరాను. మా వైపు దయ్యాలు తిరిగేది రాత్రి కాదు, ఈ పొద్దులోనే అంటారు. తోటలో గాలి లేదు. ఆకు కదలదు. కాయలు మాత్రం ఒకదానికొకటి ఆనుకుని బరువుగా వేలాడుతున్నాయి. ఆమె, పారలూ గడ్డపారలూ పట్టుకున్న నలుగురు కాలనీ మగవాళ్ళు, గుత్తదారు సాయిబు ఆ మూల దగ్గర నిలబడి ఉన్నారు. నాగలి పెడితే రాళ్ళు తగిలి విరుగుతుందని ఆ మూల మేం ఎన్నడూ దున్నలేదు. ఎండుటాకులు మడమ లోతున పేరుకుని ఉన్నాయి.

"యాడ సార్?" అందామె.

నా చెయ్యి లేచింది. రెండు చెట్ల నడుమ చోటొకటి చూపించింది. ఆ చెయ్యి నాదే.

ఆమె పోయి అక్కడ కూర్చుంది. ఆకులు తోసి, వట్టి నేల మీద అరిచెయ్యి ఆనించింది. "అమ్మా, నాయనను తెస్తాండాము" అంది. తర్వాత కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నలుగురూ తలలు వంచారు. సాయిబు కూడా దోసిలి పట్టాడు. ప్రార్థన చివర ఆమె అంది: "మా నాయన ఈ చోటనే నవ్వి అన్న మాట నేనూ అంటాండా ప్రభువా. ఇచ్చినోడివి నువ్వే, తీసుకున్నోడివి నువ్వే."

నేను కర్నూలులో టేబులు ముందు కూర్చుని రాసిన మాట, ఎవరూ లేని మట్టి మీద, తల్లి అనుకుని ఆమె చెబుతోంది. మొదటి గడ్డపార పైకి లేచింది.

"ఆపండి. ఇది కాదు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"నాకు చోటు తెలియదు. మీ నాయన మన్ను పోయలేదు. నవ్వలేదు. ఆ మాట అనలేదు. రాళ్ళను వంక తీసుకుపోలేదు. మేం పెరికాం. మీ అమ్మ రాయి మా ఇంట్లో ఉంది."

గడ్డపార పట్టుకున్నాయన దాన్ని మెల్లగా దించి, "యాడ, మీ ఇంట్లో?" అని అడిగాడు.

"వసారాలో. మెట్లకాడ."

"తౌబా తౌబా" అన్నాడు సాయిబు. "ఆ బండనా?"

మేం మిట్ట ఎక్కి ఇంటికి పోయాం. గడ్డి, మాగిన కాయ వాసన గుప్పున కొట్టింది. గదులన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. మెట్ల దగ్గర ఆ ఒక్క బండ మీద ఏమీ లేదు. ఆమె మెట్ల కిందనే ఆగిపోయింది.

"మా నాయన కుచ్చునేది ఈడనేనా?"

"అవును."

"గనిలోంచి వచ్చి, ఇంట్లో కుండ నిండా నీళ్ళు ఉండంగా, 'రెడ్డోళ్ళింటికి పోయి నీళ్ళు తాగొస్తా' అని పోయేవాడు. నాకు శానా రోషం వచ్చేది. ఆ దోసిలి నీళ్ళకు ఏమి రుచి ఉండాది నాయనా అని తిట్టేదాన్ని." ఆమె బండను చూస్తూ ఉంది. "ఏమీ అనేవాడు గాదు."

గడ్డపారలు పెట్టి లేపారు. సులభంగానే లేచింది. తిప్పి గోడకు ఆనించారు. సిలువ, పేరు, రెండు పంక్తులు నిన్న చెక్కినట్టే ఉన్నాయి. గుంతలో, బండ కింది మట్టి మీద, ఆ అక్షరాలే పైకి ఉబ్బి తిరగబడి నిలిచాయి. పైన ఎండ మండిపోతుంటే ఆ మట్టి తడిగా ఉంది. చూస్తుండగానే గాలి తగిలి అక్షరాలు పెళుసెక్కి విరిగిపోయాయి.

ఆమె చేతులు కడుక్కుని, బండ కింది అంచును తడిమింది. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి మెట్లు మెట్లుగా, వంకరగా విరిగి ఉంది.

"దీని కిందిముక్క యాడుండాది?"

"మట్టిలోనే. విరిగిన చోటనే."

"అయితే అతికి చూద్దాం" అంది. ఎముక విరిగిన మనిషిని పట్టుకున్నట్టు ఒక పక్క తనే పట్టుకుంది.

గోనెల మీద వేసి తోటకు మోశాం. నన్ను కూడా పట్టనిచ్చారు. ఆకులు తోసి, పైమట్టి గీకితే రాతి మొదళ్ళు ఒక్కొక్కటే బయటపడ్డాయి, చిగుళ్ళలో మిగిలిన పళ్ళ మాదిరి. ఒక్కోదాని మీద బండను నిలబెట్టి దించాం. ఒకటి సన్నం. ఒకటి అంచు కలవదు. ఒకదాని మీద కుదిరినట్టే ఉండి ఊగింది. "ఎవురి తల్లో" అని గొణుగుతూ ఆమె దాని మీద మళ్ళీ మట్టి కప్పింది. కంచె పక్క మామిడిచెట్టు మొదట్లో, వేరు చుట్టుకుని ఉన్న మొదలొకటి దొరికింది. వేరును కొట్టి బండను దించాం.

చప్పుడు వచ్చింది. పెకలించిన రోజు విన్న 'ట్చ్'. ఈసారి నోరు మూసుకున్నట్టు. చేతులు వదిలేశాం. బండ నిలబడింది.

ఆమె బండను కౌగిలించుకుని ఏడ్చింది. మిగతావాళ్ళం దూరంగా పోయాం.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. తల్లికి ఒక పక్క ఇంకెవరిదో రాతి మొదలు ఉంది. రెండో పక్క ఆ మామిడిచెట్టు. నిండు కాపు మీద ఉంది.

"చెట్టు కొట్టాల" అందామె, నాతో కాదు, గుత్తదారుతో. కాపు ఆయనది.

సాయిబు కొమ్మల్లోకి చూసి గడ్డం గోక్కున్నాడు. "కొట్టండమ్మా. మన్ను ముందు ఆయనది. కాయ తర్వాత నాది."

గొడ్డళ్ళు పడ్డాయి. కాయలు టపటపా రాలాయి. ఒక్కరూ వంగి ఏరలేదు. వేళ్ళు తవ్వి తీసేసరికి పొద్దు వాలింది. కాలనీ వైపు నుంచి పాట పాడుకుంటూ ఆయనను తెచ్చారు. ముఖం తెరిచి ఉంది. నాకు తెలిసిన ముఖమే. నవ్వు లేదు, కోపం లేదు. అడుగుతూ మధ్యలో ఆగిన ముఖం.

పూడ్చి అందరూ కదిలాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా," అంది, అంతదాకా సార్ అన్న మనిషి. "మా నాయన ఆ రోజు నిజంగా ఏమన్న్యాడు?"

"రాళ్ళు యాడేసినారు అని అడిగినాడు. వంక తీసకపోయిందంటిని. 'వంక పైకి పారిందా' అన్న్యాడు."

ఆమె మిట్ట మీది మా ఇంటి వైపు చూసింది, ఆయన చూసినట్టే. ఆమె పెదవుల మీద ఏదో కదిలింది. దాన్ని నవ్వు అని రాయను. ఒకసారి అట్లా రాసి చూశాను.

"మా నాయన మాట అదీ," అంది. "అంతమంది పిల్లోళ్ళు ఆయన అనని మాట చదువుతాండారు. ఆయన అన్నది రాయి."

"నన్ను..." అని మొదలుపెట్టాను.

"అది నన్నడగొద్దు. అడగాల్సినోన్ని ఇప్పుడే పూడ్చితిమి." చెప్పులు వేసుకుని కాలనీ వైపు పోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ పాఠం తీసేయమని యూనివర్సిటీకి రాశాను, ఇంకా తీయలేదు. తోట కంచె ఆ మూల వరకు కాలనీ వాళ్ళే పీకేశారు. మిగిలిన మొదళ్ళకు వాటి బండలు వెతుకుతున్నారు. గాడిపాడి కాలువ మీద పరిచినవన్నీ ఇచ్చేశాను. ముతక బండలు కాబట్టి ఏది ఎవరిదో అతికి చూసుకోవాల్సిందే. ఆదివారం పూట వాళ్ళు వాటిని మోసుకుని ఒక్కో మొదలు దగ్గర ఆగుతూ తిరుగుతుంటే దూరం నుంచి, మనుషులు తలుపులు తట్టుకుంటూ ఎవరింటి కోసమో వెతుకుతున్నట్టు ఉంటుంది.

మొన్న వానలకు ఊరికి పోయాను. మెట్ల దగ్గర గుంతను సాయిబు సిమెంటుతో పూడ్చాడు. "ఇప్పుడు కాయ బాగా మాగుతాది సార్" అన్నాడు. అయినా కూలివాళ్ళు పక్కకు జరిగే దాటుతున్నారు.

సాయిబు వెళ్ళాక నేను మెట్ల కిందికి దిగి, ఆ మనిషి కూర్చునే చోట గొంతుక్కూర్చున్నాను. అక్కడ నుంచి చూస్తే వసారా చాలా ఎత్తు. బకెట్లో నీళ్ళు దోసిట పట్టి తాగి, మిగిలినవి ఆ సిమెంటు మీద విదిలించాను. అది అంచుల నుంచి నడుమకు ఆరడం మొదలుపెట్టింది. పూర్తిగా ఆరేదాకా చూస్తూ కూర్చున్నాను.